రెండో గుక్క

కృత్తిక కార్తె

ఎండతో పనిచేసే రాతపలక రెండుసార్లు ఆరిపోయింది. గుమ్మంలో ఎండకి ఆనించి, పక్కనే పీట వేసుకుని రాస్తున్నాను. నా తర్వాత ఈ పొగమెట్టకి మట్టి కావలిగా ఎవరొస్తారో వాళ్ల కోసం ఈ రాత. నా పేరు పైడితల్లి. నోరు మంచిది కాదని ఊళ్లో పేరుంది. మట్టి చూసే మనిషికి మంచి నోరెందుకు?

ఇవాళ నరుకుడు మొదలైంది. నడిచే రంపాలు పీతల్లాగా అడ్డంగా మెట్టెక్కి, పొద్దెక్కేసరికి పైవరస గుగ్గిలం చెట్లు పడగొట్టేశాయి. తేలుపేట నుంచి వచ్చిన దాలినాయుడు గొడుగు వేసుకుని నిలబడ్డాడు. పాత రేవులన్నీ సముద్రం మింగేశాక తేలుపేటంతా తెప్పల మీదే ఉంది. తెప్పకి మాను కావాలి. మాకు మందులు, ఉప్పు, కరెంటుకి ఎండరేకులు కావాలి. పోయిన చలికాలం జ్వరాలకి మాత్ర దొరక్క ఎంతమందిని మోసుకెళ్లామో నాకు గుర్తుంది. అందుకే ఊరు ఒప్పుకుంది.

"చెట్టుతోపాటు సీసం కూడా బండెక్కి పోతుందమ్మా. మీకే మంచిది," అన్నాడు దాలినాయుడు.

"సీసం మానులో కొసరంతే బాబూ, అసలుది మట్టిలో ఉన్నాది," అన్నాను. "కొలిమోల్లు బ్యాటరీలు కరిగించిన పొగంతా ఈ మెట్ట మీదే దిగింది. మా అమ్మమ్మలు చెట్లేసి, రాలిన ఆకు తియ్యకుండా కుళ్లనిచ్చి, ఆ నల్లపొర కింద దాన్ని తొక్కిపెట్టినారు. నువ్వొచ్చి దుప్పటి లాగీసి, పిల్లోడికి సలెయ్యదంటే ఎలగ?"

"ఆకు జోలికి రామండి. మాను ఒక్కటే మాది. రాలిన ఆకు, కొమ్మ, మొదలు అన్నీ మీవే. మీ అక్కగారి చేతిలో చెయ్యేసి చెప్పాను."

మా అప్ప పేరు సన్యాసమ్మ. ఈ ఊరికి గుక్కమ్మ. అమ్మ పోయాక నాకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది ఆవిడే. అప్ప సరే అన్నాక నేనెవర్ని కాదనడానికి? నా నోరు ఊరందరి మీదా లేస్తుంది గానీ అప్ప మీద లేవదు.

మృగశిర కార్తె

తొలకరి పడింది. మెట్టెక్కి చూసి వచ్చాను, ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

మాను ఎత్తి మోస్తామన్నారా? ఈడ్చుకుపోయారు. ఈడ్చిన చోటల్లా నల్లపొర తెగి, అడుగున ఎర్రమట్టి పైకొచ్చింది. రంపాల కాళ్లు దిగిన గుంటల్లో నీళ్లు నిలిచాయి. కొమ్మా రెమ్మా కుప్పలేసి కాల్చేశారు, దారికి అడ్డమట! కర్ర గుచ్చి చూస్తే ఇంతకుముందు జానెడు మెత్తగా దిగేది. ఇప్పుడు సగం చోట్ల టక్కుమంటోంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. దాలినాయుడిని తిట్టడానికి పరుగెత్తుకుని వెళ్లాను. బళ్లు పోయిన దారి తప్ప మనిషి లేడు.

ఇవాళే గుక్క కూడా. ప్రతి కార్తె మొదటి పొద్దున ఊరంతా మెట్ట మీంచి పారే గెడ్డవాగు ఒడ్డున గుక్కరాయి దగ్గర చేరతాం. అందరికంటే ముందు గుక్కమ్మ ఇత్తడి గిన్నె ముంచి, అందరూ చూస్తుండగా తాగుతుంది. ఊళ్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే రెండో గుక్క ఆవిడది, అదే గిన్నెలోంచి. ఆ తర్వాతే ఊరు బిందెలు ముంచుతుంది. గుక్కమ్మ ఏడాది పొడుగునా ఆ గెడ్డ నీళ్లు తప్ప వేరే నీళ్లు ముట్టకూడదు. మంచయినా చెడ్డయినా ముందు ఆవిడ ఒంట్లోనే తెలియాలి.

బయటివాళ్లు నవ్వుతారు, నీళ్లలో విషం చూపే మీటరు పెట్టుకోవచ్చు కదా అని. కొలిమి రోజుల్లో మీటర్లు ఉండేవి. పిల్లలు పోతున్నా పచ్చదీపమే చూపించేవి, ఎందుకంటే అవి కొలిమివాళ్ల మీటర్లు. మా అమ్మమ్మలు వాటిని బద్దలుకొట్టి ఆ గుక్కరాయి కిందే పాతిపెట్టారు. అప్పట్నుంచి ఈ ఊరు గాజుముక్కని నమ్మదు, మనిషి గొంతునే నమ్ముతుంది.

అప్ప తాగి మూతి తుడుచుకుంది. నీళ్లు తేటగా ఉన్నాయి. "ఓలే పైడీ, నీ మొహం సూస్తే నీల్లే బెదిరిపోతాయి," అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

హస్త కార్తె

మందార రేకులు నూరి గుడ్డకి రాసి ఆరబెట్టాను. మట్టి పులిసిందో లేదో చూడటానికి మాకున్న ఉపాయం అదే. చెట్లున్న వైపు మట్టి కలిపిన నీళ్లలో ముంచితే గుడ్డ ఊదాగానే ఉంది. నరికిన వైపు నీళ్లలో ముంచితే ఎర్రగా తిరిగింది. మళ్లీ చేశాను, మళ్లీ ఎరుపే.

మట్టి పులిస్తే సీసం లేస్తుందని అమ్మమ్మ అనేది. నీడ పోయి మట్టి కాగుతోంది, ఏళ్ల తరబడి పేర్చిన ఆకు ఒక్కసారిగా కుళ్లుతోంది, పీల్చుకోవడానికి వేళ్లు లేవు. పులవక ఏం చేస్తుంది?

గుడ్డలు పట్టుకుని అప్ప ఇంటికి వెళ్లాను. అప్ప చేపలు తోముతోంది. గుడ్డల వంక చూసి, ఆ తర్వాత నా వంక చూసింది.

"గెడ్డ నీల్లలో ముంచినావేటి?"

"ముంచినాను. అందులో ఇంకా ఏటీ నేదు."

"మరింకేటి? నాను తాగుతన్నాను కదే. నాకేటైనా అయితే అప్పుడు గోల పెట్టు. ఊరికే జనాన్ని బెదిరించీకు."

నిజమే అనిపించింది. గుడ్డముక్క రంగు చెప్పేది ఒకటి, అప్ప ఒళ్లు చెప్పేది ఒకటి. అప్ప ఒళ్లే నిజమనుకున్నాను. గుడ్డలు అక్కడే పొయ్యిలో పడేసి చేప పులుసు తిని వచ్చాను.

ఆరుద్ర కార్తె, రెండో ఏడు

గెడ్డ డికాషన్ రంగుకి తిరిగింది. మెట్ట మీద కుళ్లిన నల్లపొరంతా కరిగి దిగుతోంది. ఊళ్లో దాన్ని ఆకురసం అంటున్నారు, ఒంటికి మంచిదట. అది రసం కాదు, మెట్ట మట్టేనని చెవిటివాడి ముందు శంఖం ఊది ఊది నా గొంతు పోయింది. మా కప్పులన్నీ పాత కొలిమి రేకులే కాబట్టి వాన నీళ్లు పట్టుకుని తాగే వీలు లేదు. గెడ్డే దిక్కు.

అసలు సంగతి రాయలేదు. నా కూతురు నూకాలు కడుపుతో ఉంది. పోయిన రెండూ నిలవలేదు, అందుకే కడుపు కనిపించేదాకా నోరెత్తలేదు. అల్లుడు తేలుపేటలో తెప్పలు కట్టే పనిలో ఉన్నాడు. మా గుగ్గిలం మానులే కడుతున్నాడో ఏమో!

ఇవాళ రెండో గుక్క నూకాలిది. ఆ నీళ్ల రంగు చూసి నూకాలు నా వంక చూసింది. నేను అప్ప వంక చూశాను. అప్ప నింపాదిగా గిన్నె ముంచింది, తాగింది, నిలబడింది. మళ్లీ ముంచి నూకాలు దోసిట్లో పోసింది. తల మీద చెయ్యి వేసి, "కడుపు సల్లగుండాల తల్లీ," అంది.

"తాగీసినాను పెద్దమ్మా," అంది నూకాలు, గడ్డం తుడుచుకుంటూ.

ఇంటికొచ్చే దారిలో నేనే చెప్పాను. పెద్దమ్మ తాగినాక మనకి బెంగెందుకే, బాగా తాగు, కడుపులో దానికి నీరు కావాలి అని. రోజూ బిందెడు నేనే తెచ్చి పెడుతున్నాను.

మఖ కార్తె

నూకాలికి కడుపులో మెలిపెడుతోంది. తిన్నది దిగడం లేదు. "నోట్లో పాత తాళంసెవి ఎట్టుకున్నట్టున్నాదమ్మా," అంటోంది. కడుపుతో ఉన్నవాళ్లకి నోరు అలాగే ఉంటుందిలే అన్నాను. కానీ పక్కింటి ముసలాయనకీ అదే నొప్పి. కిందవీధిలో పిల్లలు బడి నుంచి పొట్ట పట్టుకుని వస్తున్నారు.

ఇవాళ నూకాలు వేపపుల్ల నములుతూ ఉమ్మేసి, నోరు తెరిచి అద్దంలో చూసుకుంటూ పిలిచింది.

"అమ్మా, నా సిగుల్లు నల్లబడ్డాయేటి?"

వెళ్లి పెదవి ఎత్తి చూశాను. పళ్లు మొదలయ్యే చోట చిగుళ్ల అంచునే సన్నగా నీలిగీత, కాటుక పెట్టినట్టు. ఆ గీత నాకు తెలుసు. అమ్మమ్మకి ఉండేది. కొలిమిలో పనిచేసిన వాళ్లందరికీ ఉండేది. దాన్ని సీసపుగీత అనేవారు. చచ్చేదాకా పోలేదు.

అద్దం లాక్కుని నా పెదవి ఎత్తుకున్నాను. నాకూ ఉంది.

నూకాలికి ఏమీ లేదని చెప్పాను. చెప్పి పెరట్లోకి వెళ్లి అరటిచెట్టు మొదట్లో కూర్చుని ఏడ్చాను. ఆ పిల్ల దోసిలి పట్టి తాగినప్పుడు పక్కనే ఉన్నది నేను. బిందెలు మోసింది నేను. ఏడుపు ఆగాక ఒకటి తట్టింది. మాకే ఇలా ఉంటే, ముందు గుక్క తాగే అప్ప సంగతేమిటి? ఏడాదిగా ఆ నీళ్లు తప్ప వేరే ముట్టని మనిషి. అప్ప చచ్చిపోతోంది, బయటికి చెప్పడం లేదు అనుకున్నాను. అప్పకి అలవాటే, నొప్పి చెప్పదు.

పుబ్బ కార్తె

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. నిన్న పలక ముట్టలేకపోయాను.

అప్ప ఇంటికి వెళ్లీ వెళ్లగానే ఆవిడ కాళ్ల దగ్గర కూలబడ్డాను. "అప్పా, ఇంక తాగీకే, నీకు దండం పెడతాను. మా కోసం నువ్వు సావొద్దే," అని ఏడ్చాను. చీర కొంగంతా తడిసిపోయింది. ముక్కు కారుతోంది, చిన్నపిల్లలా.

అప్ప నా జుట్టు నిమిరింది. "ఓలమ్మో, ఏటే ఈ ఏడుపు? నాకేటయిందని? గుండురాయిలా ఉన్నాను," అని నోరారా నవ్వింది.

అప్ప చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. ఒక్క గీత లేదు. మా ఊళ్లో ఇవాళ అంత శుభ్రమైన నోరు పాలు తాగే పిల్లలకి కూడా ఉండదు.

నా ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. లేచి లోపలికి వెళ్లాను. అప్ప "ఎక్కడికే, పైడీ, ఎక్కడికే" అంటూ వెంటపడింది. వంటింట్లో బియ్యం గాదె వెనక గోనె కప్పి ఉంది. లాగాను. తేలుపేట ముద్ర ఉన్న నీలం నీళ్ల డబ్బాలు. ఒకటి సగం ఖాళీ. పక్కనే అప్ప గ్లాసు.

అప్ప పీట మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

"ఎప్పట్నుంచి?"

"నిరుడు హస్తలో. నువ్వు గుడ్డలట్టుకొచ్చినావు సూడు, అంతకు ముందే దాలినాయుడొచ్చి సెప్పినాడు. ఆల్ల దగ్గర మీటర్లున్నాయి. మెట్ట మీద లేసిందంట, ఏడాది తిరిగేసరికి గెడ్డలోకి దిగుతాదన్నాడు."

"ఏడాది ముందే తెలుసా నీకు?"

"తెలిస్తే మాత్రం ఏటి సెయ్యమంటావే? నరికీసిన అడవి లేస్తాదేటి? సెప్తే ఊరు కాలీ సెయ్యాల. ముసలోల్లు, పసిగుంటలు, ఎక్కడికెల్తారు? మొక్కలేస్తామన్నాడు, ఆకు పడ్డాక నీరు అదే బాగౌతాదన్నాడు. అందాకా ఊరు బెదిరిపోకుండా సూసుకోమన్నాడు."

"నీకు మాత్రం డబ్బాలిచ్చినాడు."

"గుక్కమ్మ పడిపోతే ఊరు నిలబడతాదేటి? కార్తెకో గుక్క నానూ తాగుతన్నాను కదా. అబద్ధం ఆడనేదు."

అబద్ధం ఆడలేదట! కంచే చేను మేసిందని జనం అంటుంటే విన్నాను గానీ, కంచె తీరుబడిగా పీట మీద కూర్చుని లెక్క చెప్పడం ఇప్పుడే చూశాను. అప్ప కాకుండా ఇంకెవరైనా అయితే జుట్టు పట్టుకునేదాన్ని. నా తల దువ్విన చేతులవి. వాటినే చూస్తూ అడిగాను.

"నూకాలికి రెండో గుక్క ఎందుకిచ్చినావు?"

ఆ చేతులతోనే గోనె మళ్లీ డబ్బాల మీదికి లాగింది అప్ప. ఆ తర్వాత మెల్లగా అంది. "ఇవ్వకపోతే అడుగుతారు కదే."

ఇంటికెలా వచ్చానో గుర్తు లేదు. గెడ్డ నీళ్ల బిందె వీధిలో బోర్లించాను. నూకాలు ఎందుకని అడిగింది. అంతా చెప్పేశాను. నూకాలు ఏడవలేదు. రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కూర్చుంది, అంతే.

వీధివీధీ తిరిగి చెప్పాను కూడా. ఎవరు వింటారు? పైడితల్లి నోరు సంగతి తెలిసిందేగా. "గుక్కమ్మకే ఏటీ నేదు, నీకేటొచ్చింది" అన్నారు. డబ్బాలు చూపిస్తానని తీసుకెళితే గాదె వెనక గోనె ఉంది, డబ్బాలు లేవు.

ఉత్తర కార్తె

ఇవాళ గుక్కరాయి దగ్గరికి ఊరంతా వచ్చింది. తమాషా చూడటానికి వచ్చినవాళ్లే ఎక్కువ. అప్ప జరీ అంచు చీర కట్టుకుని గిన్నె పట్టుకుంది.

నేను వెళ్లి మణికట్టు పట్టుకున్నాను. "తాగే ముందు ఒక్కసారి నవ్వవే అప్పా," అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. నేను జనం వైపు తిరిగి నా పెదవి పైకెత్తి చూపించాను. "ఇది సీసపుగీత. కొలిమోల్లకి ఉండేది. మీ ఇంటి పక్కోల్ల నోట్లో సూసుకోండి."

ముందు పక్కింటి ముసలాయన మనవడి గడ్డం పట్టుకుని పెదవి ఎత్తాడు. అలా చూస్తూనే ఉండిపోయాడు. తర్వాత మొగుళ్లు పెళ్లాల నోళ్లు, తల్లులు పిల్లల నోళ్లు చూడటం మొదలుపెట్టారు. ఒకావిడ కెవ్వుమంది. సంతలో పశువుల పళ్లు చూసినట్టు మా ఊరంతా ఒకరి నోట్లో ఒకరు చూసుకుంది.

"ఇప్పుడు గుక్కమ్మ నోరు సూడాల," అన్నాడు ముసలాయన. "అందరికంటే నల్లగుండాల కదా. నవ్వు గుక్కమ్మా."

అప్ప పెదవులు బిగించింది. బిగించి, గిన్నె ముంచి గడగడా తాగింది. మళ్లీ ముంచి తాగింది. మళ్లీ తాగింది. మెడ మీంచి నీళ్లు కారి చీర తడిసింది. ఏడాది బాకీ ఒక్క పొద్దున్న తీర్చేద్దామనుకుంది కాబోలు! ఎవరూ ఆపలేదు.

అప్పుడు నూకాలు లేచింది. ఆ బరువుతో మెల్లగా నడిచి వెళ్లి, ఎప్పటిలాగే వంగి దోసిలి పట్టింది.

"రెండో గుక్క పొయ్యి పెద్దమ్మా," అంది.

నేను అడుగు వెయ్యబోయి ఆగిపోయాను. అప్ప గిన్నె నింపింది. ఆ దోసిలి మీదికి తెచ్చింది. నూకాలు తల ఎత్తలేదు, దోసిలి తియ్యలేదు. అప్ప గిన్నె పక్కకి తిప్పి నీళ్లు నేల మీద పోసేసింది.

ఇంక ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. జనం ఖాళీ బిందెలు ఎత్తుకుని వెనక్కి తిరిగారు. అప్ప గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. నేనూ తిరిగి చూడలేదు. చూడాలనిపించింది, అయినా చూడలేదు.

విశాఖ కార్తె

పరదాలు కట్టి వాన పట్టుకున్నాం, అది అయిపోయింది. ఇప్పుడు అవతలి కొండ ఊట నుంచి కావిళ్లతో మోస్తున్నాం. వెళ్లి రావడానికి పూట పడుతుంది, మనిషికి గ్లాసులు లెక్క. కొందరు ఊరొదిలి వెళ్లిపోయారు. తేలుపేట మొక్కలు పంపలేదు. నేను మాత్రం రోజూ మెట్టెక్కి, మిగిలిన చెట్ల కింద కొంచెం కొంచెం ఆకు గోకి, ఈడ్చిన గాట్లలో కప్పి వస్తున్నాను. దాని మీద మళ్లీ అడవి లేచేసరికి నేనుండను. ఇది చదివేవాళ్లు ఎవరో, ఆ పని మాత్రం మానొద్దు.

నూకాలికి నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత ఉంది. ఏడుస్తుంది, పాలు తాగుతుంది. లోపల ఏం చెడిందో మాట వచ్చే వయసొస్తే గానీ తెలియదని మంత్రసాని చెప్పింది. పిల్లని చూసిన ప్రతిసారీ నాకు ఆ దోసిలి గుర్తొస్తోంది.

ఇవాళ పొద్దున తలుపు తీస్తే గుమ్మంలో నీలం డబ్బాలు ఉన్నాయి. మూతలు తియ్యలేదు. పెట్టిన మనిషి సందు మలుపులో నిలబడి ఉంది, నన్ను చూసి గోడ వెనక్కి తప్పుకుంది. చిక్కిపోయింది. ఊటకి ఆవిడని ఎవరూ రానివ్వడం లేదు, గెడ్డ నీళ్లే తాగుతోందని విన్నాను. పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలవలేదు. డబ్బాలు తన్నెయ్యాలని కూడా అనిపించింది. బాలింతకి గ్లాసులు లెక్కపెట్టి పోస్తున్న ఇంట్లో ఆ రోషం ఎక్కడ దాచుకోను? లోపలికి తెచ్చాను.

గ్లాసు నింపి నూకాలికిచ్చాను. తేటగా ఉన్న నీళ్లు చూడగానే అడిగింది.

"ఎక్కడివమ్మా?"

"పెద్దమ్మ ఎట్టింది."

నూకాలు గ్లాసు నా చేతిలోనే పెట్టేసింది. "ముందు నువ్వు తాగు."

ఒక్క గుక్కలో ఏమీ తెలియదని మా ఇద్దరికీ తెలుసు. అయినా తాగాను. గ్లాసు చాపాను, అందుకోలేదు.

"నోరు తియ్యమ్మా," అంది. "సూస్తాను."

నా కూతురు నన్ను అడిగింది ఆ మాట. తొమ్మిది నెలలు మోసిన నన్ను. కోపం రాలేదు, ఎక్కడో పుటుక్కుమంది. దీపం దగ్గరికి వంగి నోరు తెరిచాను. పిల్లని ఒళ్లో సర్దుకుని, ఒక వేలితో నా పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ల అంచున నీలిగీత అలాగే ఉంది. దాన్ని చూశాకే గ్లాసు అందుకుంది.